తడిమి, వాసన చూసి, విని చెప్పే ఆటలు: కొన్నేళ్ళ వాడకం తర్వాత నా అభిప్రాయం

మా బంధువుల పిల్లల పుట్టినరోజులకు కొన్న బొమ్మలకు బదులు నేను కొన్నేళ్ళుగా మూడు ఆటలను ఇంట్లోనే తయారుచేసి ఇస్తున్నాను: చేతితో తడిమి వస్తువు పేరు చెప్పే సంచి, వాసన చూసి చెప్పే డబ్బాలు, ఊపి విని చెప్పే భరిణెలు. మొదట వాటిని అందుకున్న మా అక్క కూతురు ఇప్పుడు నాలుగో తరగతి చదువుతోంది. కానుక విప్పిన రోజు సంబరాన్ని కాక, ఇన్నాళ్ళకు ఏది అటకెక్కింది, ఏది ఇంకా పిల్లల చేతుల్లో నలుగుతోంది అన్నదాన్ని బట్టే ఈ సమీక్ష రాస్తున్నాను.

కళ్ళు మూసుకుని ఊహించి చెప్పడం మన పిల్లలకు కొత్తేమీ కాదు. వీరీవీరీ గుమ్మడిపండు, గుప్పిట్లో చింతపిక్కలతో ఆడే సరి-బేసి అటువంటివే. 1907లో రోములో తన తొలి చిన్నపిల్లల బడిని తెరిచి, 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చిన ఇటలీ విద్యావేత్త మారియా మాంటిస్సోరి పద్ధతిలో ఇటువంటివే ఒక క్రమంలో ఉంటాయి. ఒకే శబ్దం చేసే గొట్టాలను ఆరు జతలుగా కలపడం, సంచిలో చేయి పెట్టి వస్తువును గుర్తుపట్టడం ఆ క్రమంలోనివే. నేను తీసుకున్నది ఆ జతల పద్ధతి, నింపినవి మాత్రం మన వంటింటి, పెరటి సరుకులు.

మూడింటిలోకీ ఎక్కువ కాలం నిలిచింది సంచి. మందపాటి ఖద్దరు సంచి మూతికి పాత చొక్కా చేతిని కలిపి కుట్టడం వల్ల పిల్లలు చేయి దూర్చినా లోపలిది కనిపించదు, కళ్ళకు గంతలు కట్టే అవసరమూ రాదు. గంతలంటే భయపడే పిల్లలు కొందరుంటారు కనుక ఇది చిన్న సౌకర్యం కాదు. మొదట బీరకాయ పీచు, కొబ్బరి చిప్ప ముక్క, కుంకుడుకాయ, పట్టు గుడ్డ వంటి పొంతనలేని వస్తువులు వేసి, తర్వాత దగ్గరి పోలికలున్నవాటికి రావాలి. నేను శనగపప్పు, కందిపప్పు విడివిడిగా చిన్న గుడ్డ మూటలు కట్టి వేస్తే, మా అక్క కూతురు మూటను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా దొర్లిస్తూ, పప్పుబద్ద ఉబ్బును బట్టి శనగపప్పేదో చెప్పేసింది. ఆ క్షణంలో ఆమె ముఖంలో కనిపించిన ఏకాగ్రతను ఏ ఖరీదైన బొమ్మ దగ్గరా నేను చూడలేదు. ఇప్పుడు సంచి నింపేది తనే, చెప్పవలసింది మేము. అది అటకెక్కకపోవడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

వాసన డబ్బాలు అన్నిటికంటే ఎక్కువ మాటలు పుట్టించాయి. మెంతులు, వాము, యాలకులు, ధనియాలు, వట్టివేళ్ళు గాజు సీసాల్లో పోసి, మూతికి పలుచని మల్లు గుడ్డ కట్టాను. తెలిసిన వాసనకైనా పేరు తట్టకపోవడం పెద్దలకూ మామూలే కనుక, పేరు కోసం పట్టుబట్టకుండా, "ఇది నీకు ఎక్కడ తగిలింది?" అని అడిగితే ఆట బాగుంటుంది. వాము వాసనకు ఒక పిల్లవాడు "కడుపునొప్పి వచ్చినప్పుడు నానమ్మ దగ్గర" అన్నాడు, అది సరైన జవాబే. అయితే ఈ ఆటకు పోషణ కావాలి. పొడులు త్వరగా వాసన కోల్పోతాయి. గింజలే వేసి, ఆటకు ముందు కొద్దిగా నలపడం మేలు. ఇంగువను వేరే పెట్టెలో దాచకపోతే అన్నీ ఇంగువే అవుతాయి. వరసగా నాలుగైదు వాసనలు చూశాక ముక్కు మొద్దుబారుతుంది కనుక మధ్యలో కాస్త విరామం ఇవ్వాలి.

భరిణెల గురించి చెప్పవలసింది తక్కువ. అంకుడు కర్రతో చేసి లక్క పూసిన ఏటికొప్పాక కుంకుమ భరిణెల్లో గసగసాలు, బియ్యం, పెసలు, చింతపిక్కలు జతలుగా పోసి, మూతలు జిగురుతో అంటించాను. చూడముచ్చటగా ఉన్నాయి, శబ్దమూ మెత్తగా వస్తుంది, కానీ పిల్లలు కొద్ది వారాల్లోనే అన్నిటినీ కంఠతా పట్టేశారు; మూతలు అంటించినవి కావడంతో లోపలి సరుకు మార్చే వీలూ లేదు.

భద్రత విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. అంగళ్ళలో అమ్మే బొమ్మలకు మన దేశంలో 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. ఇంట్లో చేసినవాటిని పరీక్షించే బాధ్యత మాత్రం పూర్తిగా చేసినవారిదే. గురివింద గింజలు ఎంత అందంగా ఉన్నా వాటిని నమిలితే ప్రాణాపాయం. ఆముదం గింజలు, ఉమ్మెత్త గింజలు కూడా దగ్గరికి రానివ్వకూడదు. వాసన కోసం హారతి కర్పూరం, కలరా ఉండలు వాడవద్దు, మింగితే అవీ విషమే. కారం, మిరియాల పొడి ముక్కు దగ్గర పెట్టకూడదు. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి గొంతులో అడ్డుపడే గింజలేవీ పంపకూడదు. వారికి గుప్పిట్లో ఇమడనంత పెద్ద వస్తువులున్న సంచి ఒక్కటే తగినది.

ఖర్చు అంతా భరిణెలకే. మిగతాది ఇంట్లో దొరికేదే. ఒక్క ఆటే ఇవ్వదలచుకున్నవారు సంచి ఇవ్వండి, ఖాళీగా కాక పది పన్నెండు వస్తువులతో, మరికొన్ని వేసుకునే చోటుతో. వాసన డబ్బాలను, నెలకోసారి సరుకు మార్చే ఓపిక ఉన్న అమ్మమ్మో తాతయ్యో ఉండే ఇంటికే పంపండి.