తాళం బాగానే ఉంది, దిగినది తలుపు: నల్లకుంటలోని ఒక మరమ్మతు దుకాణం పనితీరు

హైదరాబాద్‌లోని నల్లకుంట ప్రాంతంలో తాళాల మరమ్మతుతో పాటు చిన్న వడ్రంగం పనులు కూడా చేసే ఒక దుకాణం వారి చేత ఇటీవల మా వీధి తలుపు బాగు చేయించుకున్నాము. ఆ తలుపు పాత టేకుది, బరువైనది. వేసవి అంతా సరిగానే పడిన తాళం వానలు మొదలైన తరువాత మొరాయించసాగింది. తాళంచెవి సగం తిరిగి ఆగిపోయేది. పిడి పట్టుకొని తలుపును కాస్త పైకెత్తి, భుజంతో నెట్టి పట్టుకుంటే తప్ప గడియ పడేది కాదు. ఇంట్లో పెద్దవారు ఒంటరిగా బయటికి వెళ్ళాలంటే తాళం వేయడానికి పక్కింటివారిని పిలవవలసిన పరిస్థితి ఏర్పడింది.

అంతకు ముందు ఫోన్ యాప్ ద్వారా పిలిపించిన ఒక సంస్థ ఉద్యోగి, మూసి ఉన్న తలుపులోనే తాళంచెవిని ఒకసారి తిప్పి చూసి, లోపలి భాగాలు అరిగిపోయాయని, తాళం మొత్తం మార్చాలని చెప్పి, నాలుగున్నర వేల రూపాయల అంచనా రాసిచ్చారు. మాది గోద్రెజ్ తాళం. 1897లో తాళాల తయారీతోనే మొదలైన సంస్థ సరుకును విప్పయినా చూడకుండా పారేయమనడం మాకు నచ్చలేదు.

నల్లకుంట దుకాణం నుంచి వచ్చిన మేస్త్రి చేసిన మొదటి పని తలుపును బార్లా తెరిచి తాళంచెవి తిప్పడం. గడియ ఎక్కడా పట్టకుండా పూర్తిగా బయటికి వచ్చి, అంతే సాఫీగా లోపలికి వెళ్ళింది. తెరిచిన తలుపులో తిరిగే తాళం మూసిన తలుపులో తిరగడం లేదంటే లోపం తాళంలో లేదని, గడియకూ అది దూరవలసిన రంధ్రానికీ పొంతన కుదరడం లేదని అర్థం. అర నిమిషం పట్టే ఈ పరీక్షను ఎవరైనా సొంతంగా చేసుకోవచ్చు. యాప్ మనిషి ఎందుకు చేయలేదో ఊహించుకోవడం కష్టమేమీ కాదు.

తరువాత ఆయన ఇంట్లో కాటుక అడిగి తీసుకొని, గడియ కొసకు కొద్దిగా రాసి, తలుపు మూసి తాళంచెవిని ఆగినంత వరకు తిప్పారు. తెరిచి చూస్తే ద్వారబంధానికి బిగించిన ఇత్తడి పట్టీ మీద, రంధ్రం కింది అంచున, నల్లటి మచ్చ పడి ఉంది. “తాళం మంచిగనే ఉందమ్మా, తలుపే కిందికి దిగింది” అన్నారు. పై బందు దగ్గర తలుపుకూ ద్వారబంధానికీ మధ్య వేలు పట్టేంత సందు ఉంటే, తాళం వైపు పై మూలలో కాగితం కూడా దూరడం లేదు. పై బందు మరలు వదులైతే బరువైన తలుపు ఇలాగే ఒరుగుతుందని ఆయన ఆ సందులనే చూపించి వివరించారు.

మరమ్మతు కూడా ఈ నిర్ధారణకు తగినట్టే జరిగింది. తలుపు అడుగున చెక్క చీలిక దోపి ఎత్తిపెట్టి, పై బందు మరలను విప్పి, అరిగి వెడల్పైన రంధ్రాలలో ఫెవికాల్ పూసిన టేకు పుల్లలను దిగగొట్టి, పాత పొట్టి మరలకు బదులు రెండున్నర అంగుళాల మరలు బిగించారు. దానితో తలుపు చాలా వరకు పైకి వచ్చింది. మిగిలిన కొద్దిపాటి తేడాకు ఇత్తడి పట్టీ రంధ్రాన్ని ఆకురాయితో అరగదీశారు. ఇళ్ళలో తాళానికి కొబ్బరినూనె పోయడం అలవాటే కానీ, అది దుమ్ముతో కలిసి జిగటగా మారి లోపలి భాగాలను పట్టేస్తుందని చెప్పి, పెన్సిల్ ములుకు పొడిని తాళంచెవికి అద్ది లోపల తిప్పారు.

మాకు అన్నిటికంటే నచ్చింది చిత్రిక విషయంలో ఆయన చూపిన నిగ్రహం. పై మూల ఇంకా కాస్త రాసుకుంటోంది కనుక అంచంతా చిత్రిక పట్టేయమని మేము అడిగితే ఆయన ఒప్పుకోలేదు. తేమ పీల్చిన చెక్క నిలువునా కాక అడ్డంగా ఉబ్బుతుంది కాబట్టి వానాకాలంలో తలుపు బిగుసుకోవడం సహజమని, ఇప్పుడు ఎక్కువగా తీసేస్తే ఏప్రిల్, మే నెలల ఎండలకు చెక్క ఎండి సందు పడుతుందని చెప్పి, రాసుకుంటున్న చోట మాత్రమే సన్నని పొర తీశారు. అపార్ట్‌మెంట్లలో ఫ్లష్ డోర్లు, అంటే రెండు వైపులా ప్లైవుడ్ అతికించిన నున్నటి తలుపులు, ఉన్నవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. వాటి అంచున ఉండే చెక్క పట్టీ సన్ననిది కావడంతో ఎక్కువగా చిత్రిక పట్టడానికి వీలుండదు.

లోపాలు లేవని కాదు. చిత్రిక పట్టిన చోట పచ్చి చెక్కను అలాగే వదిలేసి, వార్నిష్ పని తమది కాదన్నారు. తేమ సులువుగా లోపలికి వెళ్ళేది అటువంటి చోటనే కాబట్టి, వానాకాలంలో ఈ సమాధానం సరైనది కాదు. మేమే చిన్న డబ్బా తెచ్చి రెండు పూతలు వేసుకున్నాము. ఉదయం వస్తామన్నవారు దీపాలు పెట్టే వేళకు వచ్చారు. గడప దగ్గర రాలిన పొట్టును ఊడ్చుకోవలసింది కూడా మేమే. రసీదు ఇవ్వలేదు, మళ్ళీ ఇబ్బంది వస్తే చూస్తామన్న హామీ నోటి మాటగానే మిగిలింది.

మరలతో కలిపి తొమ్మిది వందల రూపాయలు తీసుకున్నారు. ఆ మొత్తాన్ని పని మొదలుపెట్టక ముందే చెప్పారు, తరువాత పెంచలేదు. దుకాణం నిండా కొత్త తాళాలు వేలాడుతున్నా వాటిలో ఒక్కటి కూడా మాకు అంటగట్టే ప్రయత్నం చేయలేదు. నిజంగానే తాళం పాడైనవారు రాణిగంజ్‌కో ట్రూప్ బజార్‌కో వెళ్ళేటప్పుడు పాత తాళాన్ని వెంట తీసుకువెళ్ళాలని, తలుపు మందం, తలుపు అంచు నుంచి తాళంచెవి రంధ్రం మధ్య వరకు ఉన్న దూరం కొలుచుకొని వెళ్ళాలని కూడా ఆయనే సలహా ఇచ్చారు. ఆ దూరం కలవకపోతే తలుపును కొత్తగా తొలవవలసి వస్తుంది.

ఐదు చుక్కలకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన చుక్క వార్నిష్ వేయకుండా వదిలేసిన అంచుకు. ఈ దుకాణానికి ఫోన్ చేసేవారు తలుపు ఏ చెక్కదో, బందులు ఎన్నో, మరలు ఎంత పొడవువో ముందుగానే చెప్పడం మంచిది. మా ఇంటికి వచ్చినప్పుడు తగిన మరలు సంచిలో లేక, మేస్త్రి పని మధ్యలో ఆపి దుకాణానికి వెళ్ళి రావలసి వచ్చింది.