పాటలు వెతుక్కుంటూ వేల్స్‌లో నాలుగు రోజులు

కడప నుంచి అమ్మ వచ్చి నెల దాటింది. కోటలు, చర్చిలు చూసి చూసి విసుగెత్తింది. వేల్స్ జానపద పాటలు దాచిన చోట్లు చూద్దామన్నాను. "పాటల్ని చూడ్డమేందిరా?" అంది. ఆ మాట నిజమేనని తర్వాత తెలిసింది.

ముందు కార్డిఫ్ శివార్లలోని సెయింట్ ఫాగన్స్. 1948లో తెరిచిన ఆరుబయలు మ్యూజియం ఇది. దేశం నలుమూలల నుంచి పాత ఇళ్లను ఊడదీసి తెచ్చి, రాయి పక్కన రాయి పేర్చి మళ్లీ కట్టారు. టికెట్ లేదు, కారు పార్కింగ్‌కి మాత్రం డబ్బులు కట్టాలి. పెద్దవాళ్లతో వెళ్తే రోజంతా పెట్టుకోండి, నడక ఎక్కువ. పాత పొయ్యిలో కాల్చిన రొట్టె అక్కడే అమ్ముతారు, వేడిగా ఉన్నప్పుడే కొనండి.

పాటల రికార్డింగులు మాత్రం గోడకి వేలాడవు. 1960లలో రాయ్ సేర్ టేప్ రికార్డర్ పట్టుకుని పల్లెలు తిరిగి పాడించుకున్నవి ఈ మ్యూజియం ఆర్కైవ్‌లో ఉన్నాయి. చాలా పాటలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే వినొచ్చు. ఇంట్లో విని వెళ్తే ఆ ఇళ్లు వేరేగా కనిపిస్తాయి.

ఎర్రగోడల రైతు ఇంటి ముందు కూర్చుని అమ్మకి దక్షిణ వేల్స్‌లోని గ్లామోర్గన్ సంగతి చెప్పాను. అక్కడ ఎద్దులతో దున్నే రోజుల్లో ఒక కుర్రాడు వాటికి ఎదురుగా వెనక్కి వెనక్కి నడుస్తూ పాడేవాడట. అమ్మ రొట్టె తినడం ఆపేసింది. "మా నాయన బావిలో నీళ్లు తోడే కపిల తోలేటప్పుడు ఎద్దులే వెనక్కి నడిచేవి. వాలులో దిగితే బాన పైకొస్తుంది, మళ్లీ వెనక్కి ఎక్కాల. పాట ఆగితే ఎద్దు ఆగేది." ఆ కాసేపటికే ట్రిప్పు డబ్బులు గిట్టుబాటయ్యాయి.

అక్కడి నుంచి వేల్స్ నేషనల్ లైబ్రరీ ఉన్న అబెరిస్ట్‌విత్‌కి నేరుగా రైలు లేదు. ష్రూస్‌బరీలో మారాలి, నాలుగు గంటలు దాటుతుంది. సముద్రం ఎదురుగా బస దొరికింది, కానీ గది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆ సంగతి బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు. అమ్మ మోకాళ్ల మాట చెప్పి కింద గది అడిగితే మర్నాడు ఇచ్చారు. బుక్ చేసేముందే ఫోన్ చేసి అడగండి.

నేషనల్ లైబ్రరీ కొండమీద ఉంది. మొదటి మధ్యాహ్నం వృథా. రీడర్ టికెట్‌కి అడ్రస్ ప్రూఫ్ కావాలని చదివి కూడా మర్చిపోయాను, తప్పు నాదే. మర్నాడు ఫోన్‌లో బ్యాంకు స్టేట్‌మెంట్ వెతికి చూపించి లోపలికి వెళ్లాను. పెన్ను బయటే, పెన్సిలే గతి.

వేల్స్ జానపద గేయ సంఘం 1906లో మొదలైంది. దాని స్తంభాల్లో ఒకరైన జె. లాయిడ్ విలియమ్స్ వృక్షశాస్త్రం పాఠాలు చెప్పేవాడు. ఆయన సంగీత కాగితాలు ఈ లైబ్రరీలోనే ఉన్నాయి. గీతల మీద చుక్కల స్వరాలు ఉంటాయనుకుంటే, డో రే మి కి ఒక్కో అక్షరం చొప్పున మన సరిగమల్లా రాసుకున్న పాటలు కనిపించాయి. వేళ్లతో తాళం వేస్తూ కూనిరాగం తీశాను, పక్కాయన చూసిన చూపుకి ఆపేశాను.

అదే కాలంలో, లివర్‌పూల్‌లో పుట్టి వెల్ష్ నేర్చుకున్న రూత్ హెర్బర్ట్ లూయిస్ పాటలు రికార్డు చేసే ఫోనోగ్రాఫ్ యంత్రం మోసుకుని హోలీవెల్‌లోని పేదల వర్క్‌హౌస్‌కి వెళ్లింది. అక్కడ జేన్ విలియమ్స్ అనే ఆమె పాడితే మైనపు సిలిండర్ మీద పట్టుకుంది. దిక్కులేక ఆశ్రమంలో పడి ఉన్న మనిషి దగ్గర ఇంత సొత్తు!

రెండిట్లో ఒకటే కుదిరితే సెయింట్ ఫాగన్స్‌కే వెళ్లండి. లైబ్రరీ, ఏ కాగితం కావాలో ముందే తెలిసినవాళ్లకి.

ఆ రాత్రి కింద గదిలో అమ్మ కపిల పాట ఎత్తుకుంది. ఫోన్‌లో రికార్డ్ చేస్తుంటే రెండు చరణాల దగ్గర ఆగింది.

"తర్వాతది?"

"మీ పెద్దమ్మకొస్తుంది. ఊరికి పోయినప్పుడు అడుగు."

పెద్దమ్మకి ఎనభై నాలుగు. టికెట్ డిసెంబర్‌కి ఉండేది, సెప్టెంబర్‌కి మార్చాను.