రాతపనికి వాట్సాప్ బిజినెస్: పర్లాకిమిడి నుంచి అయిదేళ్ళ అనుభవం

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం, ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే ఆంధ్రా. ఎవరి దగ్గరా జీతానికి లేను, రాతే నా సంపాదన. శుభలేఖలు, కొట్ల పాంప్లెట్లు, ప్రైవేటు బడుల బ్రోచర్లు, యూట్యూబ్ ఛానెళ్ళకు స్క్రిప్టులు, విశాఖ, హైదరాబాద్ ఏజెన్సీలకు వెబ్‌సైటు కంటెంటు, ఒడియా నుంచి తెలుగు అనువాదాలు. 2020లో లాక్‌డౌన్‌కి ట్యూషన్లు ఆగిపోయినప్పుడు, చిన్న వ్యాపారాల కోసం వేరేగా ఉన్న వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకున్నాను. ఇప్పటిదాకా తీయలేదు.

ముందే చెప్పేస్తాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఈ యాప్ చూసి నాకు పెద్దగా పనివ్వలేదు. అలా వచ్చినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఒకసారి నాచేత రాయించుకున్నవాళ్ళు నన్ను మరిచిపోకుండా చూసింది, అంతే. నా పని పెరిగింది మాత్రం ఆ దారినే.

మా ఊరి సంగతి ఒకటి తెలియాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అందులో కలిసింది. అప్పటినుంచి ఇక్కడ ఎన్నో తెలుగు ఇళ్ళలో మాట తెలుగు, బళ్ళో అక్షరాలు ఒడియా. మొదట్లో ఒక బట్టల కొట్టు బాబాయికి దసరా పాంప్లెట్ రాసి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మర్నాడు కొట్టుకే వెళ్ళి అడిగితే, "తెలుగచ్చరాలు నాకు రావు కదేటమ్మా, నీ గొంతుతో సదివి పంపు, నాను ఇంటాను" అన్నాడు. అక్కడే నిలబడి చదివి వాయిస్ మెసేజ్ పెట్టాను. గల్లాపెట్టె దగ్గర ఫోను చెవికి ఆనించుకుని మూడుసార్లు విన్నాడు. మూడోసారి పక్కకొట్టు ఆయన్ని పిలిచి వినిపించాడు. ఆ పక్కకొట్టు ఆయన ఇప్పటికీ నా కస్టమరే.

అప్పటినుంచి ప్రతి డ్రాఫ్టు వెనకాల దాన్ని చదివిన వాయిస్ మెసేజ్ కూడా వెళ్తుంది. ఈమెయిల్‌లో ఇది ఇంత తేలిగ్గా కుదరదు. నా రాతను చదవలేనివాళ్ళు విని పనిచ్చారు. వాళ్ళే ఇంకొకరికి ఫార్వర్డ్ చేశారు. ఇది మామూలు వాట్సాప్‌లోనూ ఉందిగా అంటారేమో. ఉంది. కానీ వాయిస్ విన్నవాడు పైన నా పేరు మీద నొక్కితే ఏమేం రాస్తానో, ధర ఎంతో కనిపించేది బిజినెస్ యాప్‌లోనే.

ఏమేం రాస్తానో, ధర ఎంతో చూపే ఆ పట్టికే కేటలాగు. దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రెండేళ్ళు దాన్ని తప్పుగా వాడాను. "కంటెంట్ రైటింగ్ సేవలు" అని ఒకే ఒక్క ఐటమ్. దానికి నెట్‌లో దొరికిన లాప్‌టాప్, కాఫీ కప్పు బొమ్మ. ఒక్కరూ అడగలేదు. తర్వాత ఒకరోజు అచ్చయిన కాగితాలన్నీ వాకిట్లో పరిచి పొద్దున్న ఎండలో ఫొటోలు తీశాను. అందులో ఒక శుభలేఖ నాలుగు మూలలా పసుపు అద్దినది, మడత దగ్గర కొంచెం నలిగింది కూడా. మంచి కాపీ ఇంకోటి ఉన్నా దాన్నే పెట్టాను. ఆ ఫొటో చూసి వచ్చినన్ని ఫోన్లు మరి దేనికీ రాలేదు. అది ఒక ఇంట్లో చేతులు మారిన కార్డని చూడగానే తెలుస్తుంది కదా. అయితే ఆ ఇంటివాళ్ళు "మా అమ్మాయి పేరు ఊరంతా తిప్పుతావేటి" అని నొచ్చుకున్నారు. వాళ్ళు అన్నది న్యాయమే. వెంటనే తీసేసి, పేర్లు, ఫోన్ నంబర్ల మీద తెల్లకాగితం ముక్క పెట్టి మళ్ళీ తీశాను. ఇప్పుడు అడగకుండా ఎవరి కార్డూ పెట్టను.

కేటలాగులో 500 ఐటమ్‌ల దాకా పెట్టొచ్చు. నాకు 14 ఉన్నాయి, చాలు. ధర వేయాలా వద్దా అన్నది మన ఇష్టం. చాలామంది రాసేవాళ్ళు ధర దాస్తారు. నేను వేస్తాను. ధర కనబడితే ఇవ్వలేనివాళ్ళు అడగరు, ఇవ్వగలవాళ్ళు బేరానికి ముందే సిద్ధపడి వస్తారు. ధర పెంచడం కూడా తేలికైంది. ఎదురుగా కూర్చుని "ఇకనుంచి ఇంత" అనడానికి నాకు నోరు రాదు. కేటలాగులో మార్చేస్తే అదే చెబుతుంది.

స్టేటస్ ఇరవైనాలుగు గంటలే ఉంటుంది కాబట్టి వారానికి ఒక్కటే పెడతాను. పండగ శుభాకాంక్షలు పెట్టను, అవి అందరూ పెడతారు. ఒక పాత వాక్యం, దాని కింద నేను మార్చింది. కొట్టు బోర్డు మీద "మా వద్ద అన్ని రకముల వస్త్రములు సరసమైన ధరలకు లభించును" అని ఉంటే, దాని కింద: "పసిపిల్ల గౌను నుంచి బామ్మగారి నేతచీర దాకా. ధర నచ్చకపోతే బేరం మీది." వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆ ఊళ్ళో ఇంకా "లభించును" అంటుంటే నా మనసు ఒప్పదు. ఈ స్టేటస్‌లకే జవాబులు వస్తాయి. "మాది కూడా ఇలా మార్చు" అని వచ్చిన పనులతో ఒక ఏడాది నా కరెంటు బిల్లు, ఇంటి అద్దె గడిచాయి.

ఒకే మెసేజ్ ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు మీద ఆశ పెట్టుకోకండి. ఒక లిస్టులో 256 మందే. అందులోనూ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. నేను నెలల తరబడి పంపినవి సగం మందికి వెళ్ళనేలేదు. ఇప్పుడు పని అప్పగించేటప్పుడే "నా నంబరు సేవ్ చేసుకోండి" అని ఎదురుగా ఉండి సేవ్ చేయిస్తాను.

చాట్లకు తగిలించుకునే లేబుళ్ళు చూడటానికి రంగు ముక్కలు, నాకు మాత్రం డైరీ. ఇరవై పెట్టుకోవచ్చు. ఒడిశాలో బడి ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, ఆంధ్రాలో జూన్‌లో. అందుకే నాకు బడులకు రెండు లేబుళ్ళు: ఇటువైపు బడులను ఫిబ్రవరిలో పలకరిస్తాను, అటువైపువాటిని ఏప్రిల్‌లో. బ్రోచరు అవసరం వాళ్ళకు గుర్తొచ్చేలోపు నేను గుర్తొస్తాను. సరిహద్దులో ఉన్నందుకు రెండు సీజన్లు దొరికాయి.

ఇంకో లేబుల్ "బాకీ". ఎరుపు. ఒక పెద్ద ఊరి ఏజెన్సీకి నలభై వ్యాసాలు రాశాను. 18,000 రూపాయలు పదకొండు నెలలు రాలేదు. అక్కడి మనుషులు మారారు, కొత్తవాళ్ళు "చూస్తాం మేడం" అన్నారు. చివరికి సగం వచ్చింది. ఆ రోజుల్లో ఒక రాత్రి బాకీ లేబుల్ తెరిచి వరసగా పేర్లు చూసుకుంటే, అందులో ఉన్నవాళ్ళందరూ ఏజెన్సీలే. కొట్లవాళ్ళు, బడులవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళిచ్చేది తక్కువ, కానీ చేతికి అందుతుంది. పెద్ద ఊరి పనే ఎదుగుదల అనుకుని అప్పటిదాకా ఊరి పనిని తక్కువ చూశాను. ఆ రాత్రి తర్వాత ఏజెన్సీ ఎవరైనా సగం అడ్వాన్స్ పడితేనే మొదలుపెడుతున్నాను, మిగతా వేళంతా చుట్టుపక్కల ఊళ్ళకే.

ఇక నన్ను బాధపెట్టిన సంగతి. ఇందులో గ్రీటింగ్ మెసేజ్ అని ఉంది. మొదటిసారి రాసినవాళ్ళకు, పద్నాలుగు రోజులుగా మాటల్లేనివాళ్ళు మళ్ళీ రాస్తే వాళ్ళకు, దానంతటదే వెళ్తుంది. "మీ సందేశానికి ధన్యవాదాలు! మా కేటలాగు చూడండి" అని చివర నవ్వుమొహం బొమ్మతో పెట్టి ఉంచాను. ఒక తెల్లవారుజామున నాకు బాగా తెలిసిన ఒక కస్టమరు "నాన్నగారు పోయారు" అని రాశారు. ఆ మాట కిందనే నా ధన్యవాదాలు, నా కేటలాగు, ఆ నవ్వుమొహం. నిద్రలేచి చూసేసరికి అది వెళ్ళి రెండు గంటలు గడిచిపోయాయి. డిలీట్ చేసినా లాభం లేదు, అప్పటికే చదివేశారు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని నడుచుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన ఒక్క మాటా అనలేదు. పెద్దకర్మ కార్డు నువ్వే రాయాలి అన్నారు. రాశాను, డబ్బు తీసుకోలేదు.

ఈ గ్రీటింగ్ ఎవరికి వెళ్ళాలో ఎంచుకునే వీలుంది. "అడ్రస్ బుక్‌లో లేనివాళ్ళకు" అని పెడితే తెలిసినవాళ్ళకు వెళ్ళదు. ఆ సెట్టింగు లోపలెక్కడో ఉండటం యాప్ లోపమే, చూసుకోకపోవడం నా లోపం. వేసుకున్న మొదటిరోజే ఇది మార్చండి. నవ్వుమొహాలు అసలు పెట్టకండి.

అచ్చు దగ్గర చిన్న చిక్కు ఉంది, అది యాప్ తప్పు కాదు. మా ఊళ్ళో కంప్యూటర్ మీద అచ్చుకు అక్షరాలు కూర్చే డీటీపీ కొట్లలో ఒడియా పనే ఎక్కువ. తెలుగు పని పాతపట్నమో శ్రీకాకుళమో పంపాలి. అక్కడ 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో చేస్తారు. నేను యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో మామూలుగా వాడే తెలుగులో, పంపింది వాళ్ళ ఫాంటుకు మార్చే కన్వర్టర్‌లో వేస్తే వత్తులు అటూ ఇటూ అవుతాయి. అందుకని టెక్స్టుతో పాటు పీడీఎఫ్ కూడా పంపుతాను, అదీ ఫొటోగా కాదు, డాక్యుమెంటుగా. ప్రూఫు వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టుకుని క్ష, జ్ఞ ఉన్న ప్రతి మాటా చూస్తాను.

కంప్యూటర్‌లో వాడటం హాయిగా ఉంది. నాలుగు పరికరాల దాకా కలపొచ్చు. పద్నాలుగు రోజులు ఫోను తెరవకపోతే మాత్రం అవి తెగిపోతాయి. బ్యాకప్ విషయం గట్టిగా చెబుతున్నాను. ఆండ్రాయిడ్‌లో ఇప్పుడు అది గూగుల్ ఖాతా ఉచిత 15 జీబీలోనే లెక్క. నాది నిండిపోయి బ్యాకప్ ఆగిపోయిన సంగతి నేను గమనించలేదు. విశాఖ పాసింజరులో ఫోను పోయింది. సిమ్ మళ్ళీ తీసుకున్నాను, నంబరు నిలిచింది, కేటలాగు నిలిచింది. నాలుగు నెలల చాట్లు పోయాయి, వాటితోపాటు "సరే, ఇలాగే అచ్చు వేయించు" అని కస్టమర్లు ఒప్పుకున్న మాటలూ పోయాయి. ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియోలు తుడిచేసి, బ్యాకప్ తేదీ చూసుకుంటాను. ఒప్పుకోలు మాటను స్క్రీన్‌షాట్ తీసి కస్టమరు పేరుతో వేరే ఫోల్డర్‌లో పెడతాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దీనికి వేరే సిమ్ తీసుకోండి. నేను ఇంట్లో వాడే నంబరునే బిజినెస్ యాప్‌కి మార్చేశాను. మా పిన్ని ఇప్పటికీ నాకు ఫోన్ చేసే ముందు, "పనిలో ఉన్నావేటమ్మా" అని మెసేజ్ పెట్టి అడుగుతుంది.