వైజాగ్ నుంచి మెల్‌బోర్న్ వెళ్ళేవాళ్ళకి: సింగపూర్ మీదుగానా, ఢిల్లీ మీదుగానా?

మెల్‌బోర్న్‌లో పిల్లలున్న వైజాగ్ వాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నా. టికెట్ రేటు చూసే ముందు ఒక్కసారి మ్యాప్ చూడండి. ఇక్కణ్ణుంచి తిన్నగా గీత గీస్తే మెల్‌బోర్న్ దాదాపు 8,900 కిలోమీటర్లు, సింగపూర్ ఇంచుమించు ఆ గీత మీదే ఉంటుంది, వైజాగ్ నుంచి అక్కడికి 2,900, అక్కణ్ణుంచి 6,000 పైచిలుకు, అంటే చుట్టు తిరగడం అన్నదే లేదు. అదే ఢిల్లీ మీదుగా అయితే ముందు 1,360 కిలోమీటర్లు ఉత్తరానికి పోయి మళ్ళీ 10,200 దాకా కిందకి దిగాలి, మొత్తం 11,500 దాటిపోతుంది. గాల్లో ఉండే టైమే 14 గంటల పైన, సింగపూర్ దారిలో పదకొండున్నర.

మేం స్కూట్‌లో వెళ్ళాం, అది సింగపూర్ వాళ్ళ చౌక విమాన సంస్థ. సింగపూర్‌కి నాలుగు గంటలు, రాత్రి ఫ్లైట్. భోజనం, చెకిన్ బ్యాగ్ అన్నీ విడిగా కొనుక్కోవాలి, ఏసీ బాగా చల్లగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళకి శాలువా తప్పనిసరి. ఢిల్లీ నుంచి నేరుగా వెళ్ళే ఎయిరిండియాలో భోజనం టికెట్‌లోనే వస్తుంది, మా తోడల్లుడు వాళ్ళు అందుకే అటు వెళ్తారు, అదీ కాదనలేం, కానీ పన్నెండు గంటలు ఒకే సీట్లో అంటే మోకాళ్ళ నొప్పులున్న మా ఆవిడకి కష్టం, మధ్యలో దిగి నడవడమే నయం అనిపించింది.

అసలు తేడా అంతా లేఓవర్‌లో, అంటే మధ్యలో రెండో ఫ్లైట్ కోసం ఆగే టైంలో ఉంది. రెండు గంటలైతే పరుగే, పది గంటలైతే నీరసం, నా లెక్కలో నాలుగైదు గంటలు సరిగ్గా సరిపోతాయి. సింగపూర్ ఎయిర్‌పోర్ట్ ఛాంగీలో కాళ్ళు చాపుకుని పడుకునే కుర్చీలు, కాళ్ళు పట్టే మెషిన్లు ఫ్రీ. ఇంకా ఎక్కువసేపు ఉండాల్సొస్తే లోపలే ట్రాన్సిట్ హోటల్ ఉంది, గంటల లెక్కన గది ఇస్తారు, ఇమిగ్రేషన్ దాటక్కర్లేదు, స్నానం చేసి ఒక కునుకు తీస్తే ప్రాణం లేచొస్తుంది, ఆ డబ్బు దండగ అనుకోకండి. 2019లో తెరిచిన జ్యువెల్ అనే షాపింగ్ మాల్‌లోని 40 మీటర్ల జలపాతం ఇమిగ్రేషన్ బయట ఉంటుంది, అది దాటకపోతే దగ్గరికి వెళ్ళలేం, కానీ టెర్మినల్ 2కీ 3కీ మధ్య తిరిగే స్కైట్రైన్ దాని పక్కనుంచే వెళ్తుంది, అందులోంచి చూసేయొచ్చు, చాలా బావుంటుంది. రెండు ఫ్లైట్లూ ఒకే బుకింగ్‌లో తీసుకోండి, విడివిడిగా కొంటే బ్యాగుల కోసమే బయటికి రావాల్సి వస్తుంది.

మెల్‌బోర్న్ టైం మనకంటే నాలుగున్నర గంటలు ముందు, వాళ్ళ ఎండాకాలంలో ఐదున్నర. ఆస్ట్రేలియాలో దిగేవాళ్ళు నింపే ప్యాసింజర్ కార్డు మీద ఆవకాయ, కారప్పొడి ఉన్నాయని నిజం రాసేయండి, మావి చూసి పంపేశారు, దాస్తే మాత్రం ఫైన్ గట్టిగా వేస్తారు. ఎయిర్‌పోర్ట్‌కి రైలు లేదు, స్కైబస్ ఎక్కితే సదరన్ క్రాస్ స్టేషన్‌లో దించుతుంది, పిల్లల్ని అక్కడికి రమ్మంటే చాలు.