దుకాణదారు జీతం: గల్లాపెట్టెలోంచా, నెలకింత అనా?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి బజార్లలో తెలుగువారి దుకాణాలు చాలావరకు ఒక్కరి పేరు మీద నడిచేవే. పనివాడికి ఒకటో తారీఖున జీతం అందుతుంది, అద్దె చెల్లుతుంది. యజమాని కష్టానికి ఎంత అన్నది మాత్రం ఎవరూ తేల్చరు. కావలసినప్పుడల్లా గల్లాపెట్టెలోంచి తీయడం, నెలకింత అని కట్టుకోవడం, ఏడాది చివర లాభం చూసి తీసుకోవడం – ఈ మూడింటిలో ఏది మేలు?

మొదటి పద్ధతితోనే నా పోరంతా. ఒక కిరాణా కొట్టు లెక్క వేద్దాం. నెలకు 4 లక్షల అమ్మకం, పది శాతం మిగులు అనుకుంటే 40 వేలు. అద్దె, కుర్రాడి జీతం, కరెంటు, ఆటో కిరాయి కలిపి 16 వేలు పోతే చేతిలో 24 వేలు. ఇంటికి మాత్రం బియ్యం బస్తా, నూనె డబ్బా, పిల్లల ఫీజులు, పెళ్ళి చదివింపులు అంటూ 30 వేలు వెళ్ళిపోతుంది. ఆ ఆరు వేలూ పెట్టుబడిలోంచే పోతాయి. ఏడాదికి 72 వేలు. ఈ నష్టం గల్లాలో కనబడదు, అరల్లో కనబడుతుంది. సబ్బులు ముందు వరుసకే ఉంటాయి, వెనక ఖాళీ. టోకు వ్యాపారికి వారంలో ఇచ్చే బాకీ నెలకు పాకుతుంది.

ఏడాది చివరి పద్ధతిలో పెట్టుబడి భద్రం. కానీ ఇల్లు గడవడానికి మరో ఆధారం, ఇంట్లో ఇంకొకరి ఉద్యోగమో ఊళ్ళో పొలమో ఉండాలి. అది లేనివారు దసరా రాకముందే గల్లా తెరుస్తారు.

అందుకే నా మొగ్గు నెలకింత వైపు. వానలకు సంతలు పలచబడి బేరాలు తగ్గే నెలల్లో ఎంత మిగిలిందో చూసి, అంతకంటే కాస్త తక్కువ కట్టుకోవాలి. పైన లెక్క వేసిన కొట్టుకైతే 18 వేలు చాలు. అది ఐదో తారీఖున కొట్టు ఖాతా నుంచి ఇంటి ఖాతాకు బ్యాంకు ద్వారానే వెళ్ళాలి. ఇంటికి పోయే బియ్యాన్నీ నూనెనూ కొన్న ధరకు ఇంటి పద్దులో రాసి, ఆ 18 వేలలోంచే తీసెయ్యాలి. జీఎస్టీ కట్టేవారికి ఇది మరీ అవసరం, సొంతానికి వాడుకున్న సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును, కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) చెల్లదు. మూడు నెలలకోసారి సరుకు లెక్కపెట్టి, బాకీలు తీర్చాక మిగిలినదాంట్లో సగం ఇంటికి తీసుకోవచ్చు.

దీనివల్ల పన్ను తగ్గుతుందని మాత్రం అనుకోవద్దు. ఒక్కరి పేరున ఉన్న వ్యాపారంలో యజమాని తీసుకునేది ఖర్చు కిందికి రాదు. తీసినా తీయకపోయినా మొత్తం లాభం మీదే పన్ను.

అన్నదమ్ములు కలిసి నడిపే కొట్టు సంగతి వేరు. పొద్దుటి నుంచి కొట్లో కూర్చునేవాడు ఒకడు, డబ్బు పెట్టి ఊరుకున్నవాడు ఇంకొకడు. లాభం సగం సగం పంచితే మొదటివాడి మనసు విరుగుతుంది. భాగస్వామ్య పత్రంలో రాసుకుంటే పనిచేసే భాగస్వామికి జీతం, పెట్టుబడికి 12 శాతం వరకు వడ్డీ ఖర్చుగా చూపవచ్చు. జీతానికి పరిమితి ఉంది: లాభంలో మొదటి 6 లక్షల మీద 90 శాతం లేదా 3 లక్షలు, ఏది ఎక్కువైతే అది, ఆపైన 60 శాతం. 2025 ఏప్రిల్ నుంచి ఒక్కో భాగస్వామికి ఏడాదిలో ఇచ్చే జీతం, వడ్డీ వంటివి కలిపి 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి. ఊహాజనిత ఆదాయ పద్ధతిలో, అంటే అమ్మకంలో ఇంత శాతం లాభమని లెక్కగట్టి, పన్ను కట్టే సంస్థకు ఈ జీతం మినహాయింపు దొరకదు. ఏటా లెక్కలు రాయించే ఓపిక ఉంటేనే ఈ దారి.

ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ పెడితే డైరెక్టరుగా యజమాని జీతం ఖర్చులోకి వస్తుంది, కొత్త పన్ను విధానంలో దాని మీద 75 వేల ప్రామాణిక తగ్గింపూ (జీతంలో పన్ను పడకుండా తీసేసే మొత్తం) ఉంటుంది. కానీ అమ్మకం ఎంత చిన్నదైనా ఏటా ఆడిట్ తప్పదు. నెలకు 24 వేలు మిగిలే కొట్టుకు ఆ ఖర్చు దండగ.