బీర్ బిల్లింగ్ పారాగ్లైడింగ్ ప్యాకేజీ కొంటున్నారా? ముందు మాకు జరిగింది చదవండి

దసరా సెలవుల్లో నేను, మా తమ్ముడు, మరదలు కలిసి హిమాచల్ వెళ్లొచ్చాం. పారాగ్లైడింగ్ కోసమే వెళ్లాం. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి కొన్న ప్యాకేజీ మా మరదలి ప్రాణం మీదకు తెచ్చింది. డబ్బు సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ కొండ అంచున ఏం జరిగిందో చెప్పాలి. మార్చి నుంచి అక్కడ మళ్లీ సీజన్ మొదలవుతుంది, మనవాళ్లు హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ గుంపులుగా బుక్ చేసుకుంటారు.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బీర్ అనేది కాంగ్రా జిల్లాలో ధౌలాధార్ కొండల కింద ఉన్న ఊరు. అక్కడి నుంచి 14 కిలోమీటర్లు జీపులో పైకి వెళ్తే బిల్లింగ్. సముద్ర మట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి ఎగిరి బీర్ దగ్గరి మైదానంలో దిగుతారు. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీ ఇక్కడే జరిగింది. కాబట్టి ఊరిని గానీ, అక్కడి గాలిని గానీ నేను తప్పు పట్టడం లేదు. అక్కడ మంచి పైలట్లు చాలామంది ఉన్నారు, వాళ్ల గురించి కూడా చెప్తాను.

మేం కొన్నది ఒక్కొక్కరికి 11,900 రూపాయల ప్యాకేజీ. ఢిల్లీ నుంచి బస్సు, రెండు రాత్రులు టెంట్లలో బస, 'సర్టిఫైడ్ పైలట్'తో అరగంట టాండెమ్ ఫ్లైట్ (అంటే పైలట్‌తో జంటగా ఎగరడం), ఇన్సూరెన్స్, వీడియో. ముందే మొత్తం కట్టేస్తే వీడియోకి విడిగా డబ్బులుండవు అన్నారు. ముగ్గురికీ కలిపి 35,700 యూపీఐలో పంపాను. పైలట్ ఎవరు, ఆయన పేరేంటి అని అడగాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. హోటల్ బుక్ చేసినట్టే చేశాను. నేను చేసిన మొదటి తప్పు అదే.

బీర్‌లో దిగాక తెలిసింది, మేం డబ్బు కట్టినవాళ్లకు అక్కడ ఆఫీసు లేదు, పైలట్లు లేరు, గ్లైడర్లు (ఎగరడానికి వాడే గుడ్డ రెక్కలు) లేవు. వాళ్లు ఢిల్లీలో కూర్చుని మనుషులను పోగుచేసి, ఇక్కడున్న ఒకాయనకు అప్పగిస్తారు. ఆయన ఆ రోజు ఖాళీగా ఉన్న ఇంకొకరికి అప్పగిస్తాడు. చివరికి మనల్ని గాల్లోకి తీసుకెళ్లే మనిషికి, మనం డబ్బు కట్టిన మనిషికి ముఖపరిచయం కూడా ఉండదు. చేయి మారిన ప్రతిసారీ మధ్యలో కొంత డబ్బు ఆగిపోతుంది. ఆఖరివాడి చేతికి వచ్చేది ఎంత తక్కువైతే, అతను రోజుకు అన్ని ఎక్కువ ఫ్లైట్లు తిప్పాలి. మాకు జరిగినదానికి మూలం ఈ తొందరేనని నేను అనుకుంటున్నాను.

జీపు కొండెక్కుతుండగానే డ్రైవర్ ఒక అట్టకు క్లిప్ పెట్టిన కాగితం వెనక్కి అందించాడు. ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. మలుపుల్లో ఊగిపోతూ చదవడం కుదరలేదు. పేరు, వయసు, సంతకం. బరువు అడిగే గడి ఉంది కానీ, అది నింపకపోయినా ఫర్వాలేదన్నారు.

పైకి చేరేసరికి పదకొండు దాటింది. పచ్చగడ్డి వాలు, దాని మీద రంగురంగుల గ్లైడర్లు పరిచి ఉన్నాయి. మా వంతు రాగానే ఒక కుర్రాడు వచ్చి మా మరదలికి హెల్మెట్ పెట్టాడు, పైన చలిగా ఉంటుందని ఒక పెద్ద జాకెట్ తొడిగాడు. ఆమె సన్నగా ఉంటుంది, ఆ జాకెట్ తొడల దాకా వచ్చింది. దాని మీదే హార్నెస్ (ఒంటిని పట్టి ఉంచే బెల్టుల సీటు) వేసి, ఛాతీ దగ్గర బకిల్ 'టక్'మని పెట్టి, వెనక పైలట్‌కి తగిలించేశాడు. మొత్తం ఒక నిమిషం కూడా పట్టలేదు. పైలట్ ఆమె వెనక నిలబడి గ్లైడర్ తాళ్లు సర్దుకుంటున్నాడు. "దౌడ్‌నా, రుక్‌నా నహీ" (పరుగెత్తాలి, ఆగకూడదు) అని రెండుసార్లు చెప్పాడు. ఆమె పరుగెత్తడానికి ఒక కాలు ముందుకు వేసింది.

అప్పుడు ఆమె నా వైపు తిరిగి, "వదినా, ఇదేంటి, మోకాలికి తగులుతోంది?" అంది.

జాకెట్ అంచు కింద నుంచి నల్ల బెల్టు ఒకటి వేలాడుతోంది. దాని చివర బకిల్, ఖాళీగా. ఎడమ కాలి బెల్టు పెట్టనేలేదు. నేను గట్టిగా అరిచాను. ఏమని అరిచానో నాకు గుర్తులేదు. తమ్ముడు పరుగున వెళ్లి వాళ్ల ముందు అడ్డంగా నిలబడ్డాడు. జాకెట్ పైకెత్తి చూస్తే కుడి కాలి బెల్టు పెట్టారు కానీ, అరచేయి మొత్తం దూరేంత వదులుగా ఉంది.

ఇది ఎందుకంత ప్రమాదమో నాకూ ఆ తర్వాతే అర్థమైంది. నేల మీద నిలబడి ఉన్నప్పుడు ఛాతీ బెల్టు ఒక్కటి ఉన్నా అన్నీ బిగించినట్టే అనిపిస్తుంది. కాళ్లు నేల వదిలిన క్షణం నుంచి మన బరువంతా కాళ్ల బెల్టుల మీదే పడుతుంది. అవి లేకపోతే హార్నెస్ పైకి వెళ్తుంది, మనిషి కిందికి జారతాడు. పైలట్ వెనక ఉంటాడు కాబట్టి ముందున్న మనిషి కాళ్ల దగ్గర ఏముందో అతనికి కనపడదు. గ్లైడర్ ఒకసారి కొండను వదిలాక వెనక్కి తెచ్చి సరిచేసుకోవడం ఉండదు. 2024 ఫిబ్రవరిలో ఇదే రాష్ట్రంలో, కులూ దగ్గర దోభీలో, మన తెలంగాణ అమ్మాయి టాండెమ్ ఫ్లైట్‌లోంచి పడి చనిపోయింది. బెల్టు సరిగా చూడకపోవడమే కారణమని అప్పట్లో అధికారులు చెప్పారు. ఆ వార్త నేనూ చదివాను. అయ్యో అనుకుని పేజీ తిప్పేశాను. ఆ రోజు బిల్లింగ్‌లో ఆ ఖాళీ బకిల్ చూసేదాకా అది మళ్లీ గుర్తుకు రాలేదు.

పైలట్ సారీ చెప్తాడనుకున్నాం. "ఒకటి ఉంది కదా, సీటులో కూర్చుంటే ఏం కాదు, మేఘం వస్తోంది, త్వరగా" అన్నాడు. లైసెన్స్ కార్డు చూపించమన్నాం. ఇంట్లో ఉందన్నాడు. డ్రైవర్ తన ఫోన్‌లో ఒక కార్డు ఫోటో చూపించాడు, అందులో ఉన్న ముఖం ఇతనిది కాదు. మా మరదలి చేతులు వణుకుతున్నాయి, హెల్మెట్ క్లిప్ తీయడం కూడా రావడం లేదు. ఇక మేం ముగ్గురం ఎగరమని చెప్పేశాం.

అక్కడి నుంచే ప్యాకేజీ అమ్మినవాళ్లకు ఫోన్ చేశాను. జరిగింది మొత్తం విని, "మీరే వద్దన్నారు కాబట్టి నో షో (బుక్ చేసి రానట్టు) కింద వస్తుంది మేడమ్, రీఫండ్ ఉండదు" అన్నారు. సరే, ఇన్సూరెన్స్ పాలసీ కాపీ పంపండి అన్నాను. సాయంత్రం వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. మామూలు ప్రమాద బీమా. వర్తించని వాటి జాబితాలో పారాగ్లైడింగ్ పేరు పెట్టి మరీ ఉంది. అంటే ఆ రోజు ఏదైనా జరిగి ఉంటే ఆ కాగితం దేనికీ పనికొచ్చేది కాదు. మీరు విడిగా ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నా ఆ జాబితా తప్పకుండా చదవండి. సాహస క్రీడల కవర్ అని విడిగా రాసి ఉంటే తప్ప చాలా పాలసీల్లో ఇవి ఉండవు.

ఆ రాత్రి తమ్ముడు తిరిగి వెళ్లిపోదాం అన్నాడు. ఆశ్చర్యంగా మా మరదలే వద్దంది. ఇంత దూరం వచ్చి భయంతో వెళ్తే ఇక జన్మలో ఎగరలేను అంది. మర్నాడు ఉదయం ఊళ్లో నాలుగుచోట్ల అడిగి, పర్యాటక శాఖలో పేరు నమోదైన ఒక పైలట్ దగ్గరికి వెళ్లాం. మనిషికి 3,000 రూపాయలు. డబ్బు ముందు తీసుకోలేదు, దిగాక ఇవ్వమన్నాడు.

ఆయన చేసిన పద్ధతి చెప్తాను, మీరు దీంతో పోల్చుకోవచ్చు. మెడలో కార్డు ఉంది, మేం అడగకముందే చూపించాడు. ముగ్గురి బరువూ అడిగి, ఆ బరువులకు నప్పే గ్లైడర్ ఏదో చూసుకున్నాడు. జాకెట్ హార్నెస్ లోపలికి దోపించాడు, బకిల్స్ కనపడాలని. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని ఎడమ కాలి బెల్టు, కుడి కాలి బెల్టు, ఛాతీ బెల్టు ఒక్కొక్కటి లాగి చూశాడు. మళ్లీ మా మరదలి చేత లాగించాడు. తనకూ ఆమెకూ మధ్య ఉన్న కారబీనర్లు (కలిపి ఉంచే లోహపు కొక్కేలు) రెండూ తాళం పడ్డాయో లేదో వేలితో తిప్పి చూపించాడు. అత్యవసరానికి ఉండే రిజర్వ్ పారాచూట్ హ్యాండిల్ ఎక్కడుందో చెప్పాడు. ఇంత చేశాక గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ వైపు చూసి, కూర్చోండి అన్నాడు.

గంటా నలభై నిమిషాలు కూర్చోబెట్టాడు. గాలి వెనక నుంచి వస్తోందట. టేకాఫ్ ఎప్పుడూ ఎదురుగాలికే తీసుకోవాలి, వెనక గాలి ఉంటే ఎంత పరుగెత్తినా గ్లైడర్ సరిగా పైకి లేవదు. పక్కన కొందరు ఆ గాలిలోనే ఎగిరిపోతున్నారు. ఈయన మాత్రం గడ్డి మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఎండకు కొండ వేడెక్కి గాలి పైకి లేస్తుంది, అదే మనల్ని పైన ఉంచుతుంది, కానీ మధ్యాహ్నం అది మరీ బలంగా ఉంటే కొత్తవాళ్లను తీసుకెళ్లనని చెప్పాడు. 2024 అక్టోబరు చివర్లో ఇక్కడే, ఆ ఏడాది ప్రపంచ కప్‌కి కొద్ది రోజుల ముందు, గాల్లో రెండు గ్లైడర్లు ఢీకొని బెల్జియం నుంచి వచ్చిన పైలట్ చనిపోయాడు. ఎగరడం తెలిసినవాళ్లకే అలా జరిగినచోట, మనం ఎవరి వెనక ఎగురుతున్నామో చూసుకోకుండా ఎలా?

మా ముగ్గురికీ ఫ్లైట్ బాగా జరిగింది. మా మరదలు దిగి వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది.

న్యూజిలాండ్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుక్కి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. అతను క్వీన్స్‌టౌన్ దగ్గర కవరౌ వంతెన మీద నుంచి బంజీ దూకాడు, 43 మీటర్లు. దూకే ముందు బరువు తూచి, ఆ అంకె చేతి మీద పెన్నుతో రాశారట, దాన్ని బట్టే తాడు కడతారట. అక్కడ ఇలాంటివి నడిపేవాళ్లు భద్రతా తనిఖీ పాసై రిజిస్టర్ చేసుకోవాల్సిందే. మన దగ్గర నియమాలు లేవని కాదు. హిమాచల్‌లో ఏరో స్పోర్ట్స్‌కి, అంటే ఇలా గాల్లో ఎగిరే క్రీడలకి, విడిగా 2022 నాటి నియమాలున్నాయి. పైలట్ నమోదై ఉండాలి, పరికరాలు తనిఖీ కావాలి. జులై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు వర్షాకాలంలో ఎగరడమే నిషేధం. ఆగస్టు ఆఫర్ అని ఎవరైనా బీర్ ఫ్లైట్ అమ్మితే అక్కడే ఆగిపోండి.

నా మాట వింటే, బస్సు, బస ఎవరి దగ్గర కొనుక్కున్నా ఫర్వాలేదు, ఫ్లైట్ మాత్రం ప్యాకేజీలో కొనకండి. ఊళ్లోకి వెళ్లి, పైలట్‌ను చూసి, కార్డు మీది ఫోటో, ఆ మనిషి ముఖం ఒకటేనా కాదా చూసుకుని, అప్పుడు డబ్బు ఇవ్వండి. ముందే ఇవ్వక తప్పకపోతే పైలట్ పేరు, నమోదు నంబరు, వాతావరణం బాగాలేకపోతే డబ్బు వెనక్కి ఇస్తామన్న మాట, మూడూ మెసేజ్‌లో రాయించుకోండి. నోటి మాట వద్దు. కాళ్ల బెల్టులు రెండూ మీ చేత్తో మీరే లాగి చూసుకోండి. పిల్లలతో వెళ్తే వాళ్లవి కూడా మీరే చూడండి.

డబ్బు విషయానికొస్తే, తిరిగొచ్చాక 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. మా దగ్గర ఉన్నవి: యూపీఐ రసీదు, వాట్సాప్ సంభాషణ, ఖాళీ బకిల్‌కి తమ్ముడు తీసిన ఫోటో. ఆ ఫోటో చూశాకే ప్యాకేజీ అమ్మినవాళ్లు దారికి వచ్చారనుకుంటాను. ఫ్లైట్ భాగం అని చెప్పి 9,000 వెనక్కి పంపారు. మిగతాదానికి హనుమకొండలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఢిల్లీ తిరగాల్సిన పని లేదు. కాగితం మీద సంతకం పెట్టాం కదా, ఇక ఏమీ చేయలేం అనుకుని చాలామంది వదిలేస్తారు. మా లాయర్ గారు అలా వదలొద్దన్నారు, సంతకం పెట్టినంత మాత్రాన వాళ్ల నిర్లక్ష్యానికి వాళ్ల బాధ్యత పోదన్నారు.

ఇంకో విషయం. ఆ ఇన్‌స్టాగ్రామ్ పేజీ పేరు గత నెలలో మారిపోయింది. ఫోటోలు మాత్రం అవే: నారింజ రంగు గ్లైడర్, కింద పచ్చటి పొలాలు, మూలన ఒక బౌద్ధ మఠం పైకప్పు. కింద 'సర్టిఫైడ్ పైలట్స్' అని రాసి ఉంది. పైలట్ పేరేంటని నిన్న కామెంట్ పెట్టాను. గంటలోపే తీసేశారు.