గోస్తని సముద్రంలో కలిసేచోట మా ఆఖరి రోజు

పదకొండు రోజుల ప్రయాణంలో ఆఖరి రోజుకి మేం ప్లానంటూ ఏమీ వేసుకోలేదు. పూరీకి ఎన్ని రాత్రులు, అరకుకి ఎన్ని రాత్రులు అని నెల ముందే లెక్కలు కట్టుకున్నాం. విశాఖలో చివరి సోమవారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘అప్పటికి చూద్దాంలే’ అని వదిలేశాం. తీరా ఇప్పుడు ఎవరైనా ‘ట్రిప్ ఎలా జరిగింది’ అని అడిగితే ముందు ఆ రోజు గురించే చెబుతున్నాను.

మేం నలుగురం ఇంజినీరింగ్ హాస్టల్లో ఒకే గది వాళ్ళం. అప్పట్లో ఒకరినొకరు ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం. ఇప్పటికీ అంతే. ఖమ్మం హైదరాబాదులో ఉంటుంది, తణుకు విజయవాడలో, గుత్తి బెంగళూరులో. నేను కావలి, మా ఊళ్ళోనే ఉన్నాను. నలుగురికీ ఒకేసారి సెలవు దొరకడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది.

ముందు మిగతా పది రోజుల సంగతి కాస్త చెప్తాను. భువనేశ్వర్, పూరీ, కోణార్క్, చిలికా చూసుకుని, బరంపురం మీదుగా శ్రీకాకుళం దిగి అరసవల్లి, శ్రీకూర్మం, ఆపైన విశాఖ, అరకు. వీటిలో పూరీకి రెండు రాత్రులు సరిపోలేదు, మూడు ఉంచుకోండి. జగన్నాథుడి దర్శనానికి ఒక పూట, మహాప్రసాదం తినడానికి ఒక పూట, ఊరికే సముద్రం దగ్గర కూర్చోవడానికి ఒక పూట కావాలి. కోణార్కుకి సగం రోజు చాలు, కానీ పొద్దున్నే వెళ్ళాలి. ఎండెక్కాక ఆ రాతి చక్రాల మీది చెక్కడం చూడాలన్న ఓపిక ఉండదు. చిలికాలో పడవ ఎక్కేముందు ఎన్ని గంటలు తిప్పుతారో, ఎక్కడెక్కడ ఆపుతారో గట్టిగా మాట్లాడుకోవాలి. మేం అది చెయ్యక గంటన్నర పోగొట్టుకున్నాం. అరకులో మేం దిగిన చోట గది బాగుంది, తోట ఇంకా బాగుంది. వేడినీళ్ళు మాత్రం ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకే. జనవరి చలిలో నలుగురు ఆడవాళ్ళకి రెండు గంటలు ఏం సరిపోతాయి? బుక్ చేసేటప్పుడే అడగాల్సిన ప్రశ్న అది.

అరకు వెళ్ళేటప్పుడు మాత్రం కిరండోల్ రైలే ఎక్కండి. సొరంగం తర్వాత సొరంగం, మధ్యలో లోయలు. అద్దాల బోగీ కావాలంటే చాలా ముందుగా టికెట్లు తీసుకోవాలి. తిరుగు ప్రయాణంలో కారు మాట్లాడుకుని బొర్రా గుహలు చూసుకుంటూ దిగాం. అక్కడ గైడు టార్చి వేసి, ఆవు పొదుగులా వేలాడుతున్న రాయి ఒకటి చూపించాడు. దాని నుంచి కారే నీటి వల్లే ఈ గుహల్లోంచి పారే నదికి గోస్తని అని పేరొచ్చిందని చెప్పాడు. తణుకు ఆ చుక్క కింద అరచెయ్యి పట్టి, నిండే వరకూ నిలబడింది. అది శనివారం.

ఆదివారం పొద్దున సింహాచలం, సాయంత్రం కురుసుర జలాంతర్గామి మ్యూజియం. మామూలుగా అయితే జలాంతర్గామిని ఆఖరి రోజుకి ఉంచుకునేవాళ్ళం, రామకృష్ణా బీచ్‌లో రోడ్డు పక్కనే కదా అని. కానీ దానికి సోమవారం సెలవు. ఈ సంగతి ముందే చూసిపెట్టింది గుత్తి. జనం ఎక్కువే ఉన్నా వెళ్ళడం మంచిదయింది. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన ఓడ అది. తొంభై మీటర్ల పొడవుందంటారు గానీ లోపల నడిచే దారి ఒక మనిషికే సరిపోతుంది. గుండ్రటి తలుపుల్లోంచి వంగి, కాలు ఎత్తి దాటాలి. టార్పెడోల పక్కనే నావికుల పడకలు. నౌకాదళంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు అన్నీ వివరించి చెప్పారు. ‘నెలల తరబడి ఇందులోనా!’ అని ఖమ్మం రెండుసార్లు అంది. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు కాస్త ఆలోచించుకుని ఎక్కండి.

ఇక సోమవారం. పొద్దున్నే టెన్షన్. బీచ్ రోడ్డు హోటల్లో రెండు గదులు తీసుకున్నాం. ఫోన్లో బుక్ చేసినప్పుడు ఇరవైనాలుగు గంటల చెకవుట్ అన్నారు. శనివారం సాయంత్రం ఏడింటికి దిగాం కాబట్టి సోమవారం సాయంత్రం దాకా గది మాదే అనుకున్నాం. రిసెప్షన్లో ఉన్న అబ్బాయి పదింటికల్లా ఖాళీ చెయ్యాలి, లేదంటే రెండు గదులకీ సగం రోజు అద్దె అన్నాడు. మాతో మాట్లాడిందెవరో తనకి తెలియదన్నాడు. పది నిమిషాలు వాదించి, ఆఖరి రోజు గొడవతో మొదలవడం ఇష్టంలేక సర్దుకుని బయటపడ్డాం. గది శుభ్రంగా ఉంది, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, అందులో పేరు పెట్టక్కర్లేదు. కానీ చెకవుట్ టైము వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

సామాను రైల్వే స్టేషన్ క్లోక్ రూములో పెడదామని వెళ్తే అక్కడ ఇంకో చిక్కు. టికెట్ చూపించాలి, ప్రతి బ్యాగుకీ తాళం ఉండాలి. ఖమ్మం బ్యాగు జిప్పు పూరీలోనే ఊడిపోయింది, అప్పట్నుంచీ చున్నీతో కట్టుకుని మోస్తోంది. స్టేషన్ బయట చిన్న గొలుసు, తాళం కొని బ్యాగు చుట్టూ తిప్పి వేశాం. తీసుకున్నారు. చేతులు ఖాళీ అయ్యాయి. ఊరు మారే రోజున చేతిలో సామాను లేకపోవడం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది.

స్టేషన్ దగ్గర ఇడ్లీలు తింటూ ఎక్కడికెళ్దామని చర్చ. కైలాసగిరి అని నేను, తొట్లకొండ అని తణుకు. ఖమ్మం షాపింగ్ అంది. అప్పుడు గుత్తి ఫోన్లో మ్యాపు చూస్తూ, “మొన్న బొర్రాలో చూసిన ఏరు భీమిలిలో సముద్రంలో కలుస్తుందంట. అది చూద్దామా?” అంది. ఇంక ఎవరూ వేరే మాట అనలేదు.

భీమిలికి నగరం నుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు. బీచ్ రోడ్డు మీదుగా సిటీ బస్సులు వెళ్తాయి. మాలో ముగ్గురికి ఆంధ్రా ఆధార్ ఉంది కాబట్టి ఉచిత టికెట్. ఖమ్మానికి మాత్రం డబ్బులు కట్టాం, ఆ టికెట్ గుర్తుగా దాచుకుంది. కారు మాట్లాడుకుంటే నచ్చిన చోటల్లా ఆపుకోవచ్చు, నిజమే. కానీ నలుగురికీ కిటికీ సీట్లు దొరికిన బస్సులో, ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం చూసుకుంటూ పోవడానికి ఆ కారు సరితూగదు. రుషికొండ దాటాక బస్సు దాదాపు ఖాళీ అయింది.

భీమిలి నాకు చాలా నచ్చింది. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు వచ్చి వర్తకం చేసిన రేవు. వాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. పొట్టి లైట్‌హౌసు, పాత గంట స్తంభం, నిద్రపోతున్నట్టుండే వీధులు. రద్దీ అనేదే లేదు. అవన్నీ నడుస్తూనే చూసి నది వైపు వెళ్ళాం.

గోస్తని అక్కడ పెద్ద నదిలా ఉండదు. ఇసుక తిన్నెల మధ్య వెడల్పుగా, పల్చగా, తొందరలేకుండా వెళ్ళి సముద్రంలో కలుస్తుంది. ఒడ్డున పడవలు, వలల్లో చిక్కులు తీసుకుంటున్న ఇద్దరు ముసలివాళ్ళు. తణుకు చెప్పులు విడిచి మోకాళ్ళ లోతుకి దిగింది.

“ఇవేనంటావా ఆ నీళ్ళు?”

“ఇవేనే. తాటిపూడి డ్యాము మీదుగా వస్తాయి,” అంది గుత్తి.

తాటిపూడి నుంచి విశాఖ నగరానికి కూడా మంచినీళ్ళు వెళ్తాయి. అంటే రెండు రోజులుగా మేం తాగినదాంట్లోనూ ఈ నది కొంత ఉండే ఉంటుంది. తణుకు మళ్ళీ అరచెయ్యి ముంచి కాస్త నాలిక మీద వేసుకుంది. “ఉప్పగా ఉందే,” అంది. గుహలో చుక్క చుక్కగా పడిన నీళ్ళని పట్టిన చెయ్యి అదే. మేం ముగ్గురం కూడా దిగి రుచి చూశాం. గంటకి పైగా అక్కడే ఉన్నాం. పిల్లల చదువులు, గుత్తి వాళ్ళమ్మ ఆపరేషను, ఖమ్మం ఉద్యోగం మానేయాలా వద్దా అన్న సంగతి, పది రోజులుగా గుళ్ళూ రైళ్ళూ మధ్య మాట్లాడుకోలేకపోయినవన్నీ అక్కడ మాట్లాడుకున్నాం. ఫొటోలు మాత్రం రెండే తీసుకున్నాం.

వచ్చేటప్పుడు ఆటోలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాం. వేల ఏళ్ళుగా సముద్రం ముందుకీ వెనక్కీ జరుగుతుంటే గాలి తెచ్చి పోసిన ఇసుక అది. అందులోని ఇనుము వల్ల ఆ ఎరుపు. వాన కోసిన గాడుల మధ్య నడుస్తుంటే రెండు వైపులా మనిషి ఎత్తు మించిన ఎర్రగోడలు. ఆ గోడల మీద పేర్లు చెక్కినవాళ్ళని చూస్తే నాకు కోపం ఆగలేదు. గోటితో గీకితే రాలిపోయే మట్టి అది, మళ్ళీ రాదు. వెళ్ళేవాళ్ళు దయచేసి దారిలోనే నడవండి, దిబ్బలెక్కకండి. నీడ ఉండదు, నీళ్ళ సీసా, గొడుగు తీసుకెళ్ళండి. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్ళడం మేం చేసిన తప్పు.

భోజనం ఏదో హడావుడిగా అయిపోయింది. మాడుగుల హల్వా నాలుగు డబ్బాలు కొన్నాం.

మూడింటికి రామకృష్ణా బీచ్ గోడ మీద కూర్చున్నాం. మురీ మిక్స్చర్ బండివాడు గిన్నెలో మురీలు పోసి, ఉల్లిపాయ, టమాటా, వేరుశనగలు, కొత్తిమీర, కారం వేసి, నిమ్మకాయ పిండి, గరిటెతో గిన్నె అంచుని టకటకా కొడుతూ కలిపాడు. గుత్తి వీటిని బొరుగులంటుంది, తణుకు మరమరాలంటుంది. హాస్టల్లో ఈ మాట మీద రోజూ వాదనే. ఆ రోజు ఇద్దరూ మురీలనే అన్నారు. కాగితం పొట్లాలు మెత్తబడిపోకముందే తినెయ్యాలి.

అక్కడే ఉమ్మడి పర్సు లెక్క చూశాం. రోజూ ఉదయం తలా కొంత వేసి, తిండి, ఆటోలు, టికెట్లు అన్నీ అందులోంచే ఇచ్చేవాళ్ళం. దాన్ని తణుకు మోసింది. నలుగురైదుగురు కలిసి వెళ్తే ఇంతకన్నా మంచి పద్ధతి లేదని నా నమ్మకం. పదకొండు రోజుల్లో డబ్బు గురించి ఒక్క మాట రాలేదు. అన్నీ పోను 230 రూపాయలు మిగిలాయి. “పంచొద్దు. కావలి దగ్గరుంచండి, మళ్ళీ బయల్దేరినప్పుడు ఇందులోంచే మొదలుపెడదాం,” అంది గుత్తి.

నాలుగింటికి గుత్తి విమానానికని కారెక్కింది. అయిదు దాటాక గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తణుకు, ఖమ్మం వెళ్ళారు. ఖమ్మం బ్యాగు గొలుసు తలుపు దగ్గర తగులుకుంటే వెనకనుంచి తోశాను. నా బండి రాత్రికి. అనకాపల్లి దాటామని తణుకు మెసేజ్ పెట్టింది, గుత్తి విమానం ఎక్కానంది. ప్లాట్‌ఫాం మీద టీ తాగాను. చేతికి ముందు ఉమ్మడి పర్సే తగిలింది. దాన్ని మళ్ళీ బ్యాగు అడుక్కి తోసి, నా డబ్బుల్లోంచి పది రూపాయలు తీసి ఇచ్చాను.